మా ఈపో కాన్వెంట్ అక్క

మన తెలుగు తరగతుల పూర్వ విద్యార్థుల సంచికకి రాయమనగానే, నేను చదివిన ఇంకో బడి కూడా గుర్తొచ్చింది: మలేసియాలోని ఈపో ఊళ్ళో మెయిన్ కాన్వెంట్. మాకంటే ముందు అక్కడ చదివిన అక్క సినిమా నటి మిషెల్ యో. ఇంట్లో పెట్టిన పేరు యో చూ ఖెంగ్.

నేను చేరేనాటికే ఆమె ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. 1983లో మిస్ మలేసియా కిరీటం వచ్చినప్పుడు మాత్రం బడంతా ఒకటే సంబరం. బాగాన్ దాతో అనే ఊరి కొబ్బరి తోటల్లో పనిచేసిన మా అమ్మమ్మ పేపర్లో ఫోటో చూసి, "ఈ చీనా పిల్లకి వాళ్ళమ్మ దిష్టి తీసిందో లేదో" అంది.

అందాల పోటీ గెలిచి సినిమాల్లోకి వెళ్ళిందని అందరూ ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నాకది నచ్చదు. ఆ పోటీకి పేరు ఇచ్చింది వాళ్ళమ్మ. మిషెల్ కోరుకున్నది బాలే నాట్యం. నాలుగేళ్ళ వయసు నుంచి నేర్చుకుంది. ఇంగ్లండ్‌లో నాట్యం చదువుతుండగా వెన్నుకి దెబ్బ తగిలి ఆ దారి మూసుకుపోయింది. హాంకాంగ్‌లో జాకీ చాన్‌తో ఒక వాచీ ప్రకటన చేశాకే సినిమా అవకాశాలొచ్చాయి. ఫైటింగులకి ఆ నాట్యం చేసిన ఒళ్ళే పనికొచ్చింది. 1992లో వచ్చిన సినిమాలో మోటార్‌సైకిల్‌తో కదిలే రైలు మీదికి దూకింది. అంతకుముందు ఆమెకి బండి నడపడమే రాదు!

నన్ను అన్నిటికంటే కదిలించేది ఇంకొకటి. ఆమె ఇంగ్లీషు, మలయ్ మాట్లాడుతూ పెరిగింది. చీనా అక్షరాలు చదవలేదు. 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' సినిమాకి మాండరిన్ చీనా భాషలో డైలాగులన్నీ వినికిడి మీదే బట్టీ పట్టింది. షూటింగ్ మొదట్లోనే మోకాలు దెబ్బతింటే ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ వచ్చి పూర్తి చేసింది. తాతల నాటి భాషలో, చదవలేని అక్షరాలతో అంత పెద్ద పాత్ర! ఎంత టెన్షన్ పడి ఉంటుందో మనకి తెలుసు. ఇంట్లో తెలుగు వింటూ, బళ్ళో మలయ్ రాస్తూ పెరిగి, పెద్దయ్యాక 'అ ఆ'లు దిద్దినవాళ్ళం కదా మనం. పద్యం అప్పజెప్పమంటే మనలో ఎంతమంది నోరు ఎండిపోయేదో గుర్తుందా?

2023 మార్చిలో, అరవై ఏళ్ళ వయసులో ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. ఆసియా నుంచి మొదటి మహిళ ఆమే. వాళ్ళమ్మ కౌలాలంపూర్‌లో అందరితో కలిసి తెర మీద చూసింది. నేనూ ఇంట్లో టీవీ ముందు ఏడ్చేశాను. ఆ అవార్డుని తీసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టిందని చదివినప్పుడు మళ్ళీ ఏడ్చాను.

ఇప్పుడు నేను ఆదివారాలు మన తరగతిలో పాఠం చెబుతున్నాను. పిల్లలు పద్యాన్ని ముందు రూమి అక్షరాల్లో, అంటే మలయ్ రాసే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటామంటే వద్దనను. నోటికి వచ్చాక తెలుగులో రాయిస్తాను. కొత్తగా చేరేవాళ్ళకి పెద్ద వయసైనా పరవాలేదు, రండి.