పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్ళు

జ్వరంతో దెబ్బతిన్న కిడ్నీలు కోలుకున్నాయి, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుకొచ్చింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చర్చి మెట్లెక్కగలుగుతున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇంకొంచెం ముందు రాసి ఉంటే ఒక మనిషి మీద కోపం తప్ప ఇందులో ఇంకేమీ ఉండేది కాదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, కానీ చెప్పాల్సినవి వేరే కూడా ఉన్నాయి.

మేముండేది అండమాన్‌లో, మయాబందర్ దగ్గర. మా ఆయన మిషన్ పని మీద ఇక్కడికి వచ్చారు, పిల్లలతో నేనూ వచ్చాను. మిషనరీలు అనగానే చాలామంది అడిగేది ఇక్కడి ఆదిమ తెగలైన జారవాల గురించి, సెంటినలీల గురించి. 2018 నవంబరులో సువార్త చెప్పాలని నార్త్ సెంటినల్ దీవికి వెళ్ళిన ఒక అమెరికా యువకుణ్ణి సెంటినలీలు చంపాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. 1956 నుంచి దానికి చట్టమే ఉంది. అది సరైన చట్టమని మా ఆయనా, నేనూ గట్టిగా నమ్ముతాం. బయటివాళ్ళు మోసుకెళ్ళే మామూలు జలుబు కూడా అలాంటి జనానికి ప్రాణాంతకం కావచ్చు.

మా పని వేరేవాళ్ళ మధ్య. బ్రిటిష్ కాలంలో అడవి పనికి ఛోటానాగపూర్ నుంచి తెచ్చినవాళ్ళ పిల్లల పిల్లలు ఇక్కడ ఉన్నారు, వాళ్ళని అందరూ రాంచీవాళ్ళు అంటారు. శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకొచ్చి స్థిరపడ్డ మనవాళ్ళున్నారు. వెబీ ఊళ్ళో కరెన్లున్నారు. వాళ్ళ పెద్దలు 1925లో బర్మా నుంచి వచ్చారు, వచ్చేటప్పటికే బాప్టిస్టులు. కాబట్టి వాళ్ళకి మేం కొత్తగా సువార్త చెప్పిందేమీ లేదు. ఎలా బతకాలో వాళ్ళే మాకు నేర్పారు. నాకు ప్రాణం పోసినవాళ్ళలో మొదటి మనిషి కూడా ఒక కరెన్ ఆవిడే.

వానలు వెనకబట్టే కాలం. ప్రార్థన కూడికలకి పొలం గట్ల మీదుగానే నడక. మడుల్లో మోకాలి లోతు నీళ్ళు, గట్ల నిండా ఎలుక బొరియలు. ఒకరోజు సాయంత్రం చలి, జ్వరం, తలపోటు మొదలయ్యాయి. ఒకచోట చూపిస్తే వైరల్ అని పారాసెటమాల్ ఇచ్చి పంపారు. అది వేసుకుంటే తగ్గడం, మళ్ళీ రావడం. ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది పిక్కలు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని.

సరిగ్గా అప్పుడే మెయిన్‌లాండ్ నుంచి మా మిషన్ పెద్ద ఒకాయన కూడికల కోసం వచ్చారు. ఆయన బస మా ఇంట్లోనే. నేను పడుకున్న గది గుమ్మంలో నిలబడి ప్రార్థన చేశారు. చేసి వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. కళ్ళు తెరిచి, "సిస్టర్, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండి. దేవుని పనిలో ఉన్నవాళ్ళకి ఇలా ఊరికే రాదు" అన్నారు. తర్వాత మా ఆయన్ని పక్కకి పిలిచి, ఆసుపత్రికి పరిగెత్తితే విశ్వాసులకి ఏం సాక్ష్యం ఇచ్చినట్టు బ్రదర్, ఈ ఒక్క రాత్రీ ప్రార్థనలో దేవుని కోసం ఎదురుచూడండి అని చెప్పారు. మా ఆయన ఆ మాట కాదనలేకపోయారు. ఆ జబ్బులో ఒక్క పూట కూడా ఎంత విలువైనదో తర్వాత డాక్టర్లు చెబితే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పక్కింటి కరెన్ ఆంటీ గంజి పట్టుకొచ్చింది. గిన్నె కింద పెట్టి, నా మొహం వెలుతురు వైపు తిప్పి, వేళ్ళతో నా కంటి రెప్ప లాగి చూసింది. తెల్లగుడ్డు మొత్తం ఎర్రగా ఉందట. తర్వాత దుప్పటి తీసి పిక్క మీద బొటనవేలితో నొక్కింది. నా అరుపు వీధిలోకి వినపడింది. ఆవిడ మా ఆయన వైపు తిరిగి హిందీలో, "పాస్టర్ జీ, ఇది పొలం జ్వరం. మా తమ్ముడు దీనితోనే పోయాడు. ఇప్పుడే తీసుకెళ్ళు. ప్రార్థన దారిలో చేద్దాం" అంది. జీపు కూడా ఆవిడే మాట్లాడింది. పిల్లలిద్దర్నీ తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటిలోంచి, చర్మం మీది చిన్న గీతల్లోంచి ఒంట్లోకి వచ్చే బ్యాక్టీరియా. ఉత్తర అండమాన్‌లో, దిగ్లీపూర్ వైపు, 1980ల చివర్లో రక్తం కక్కుకుని మనుషులు పోతుంటే అదేమిటో ఎవరికీ అంతుబట్టక అండమాన్ హెమరేజిక్ జ్వరం అన్నారు. అది లెప్టో అని తేలింది 1990ల్లో. ఆంటీ తమ్ముడు పోయింది ఆ పేరు తెలియని రోజుల్లోనే.

ఆసుపత్రిలో సూదులు, సెలైన్లు, రక్త పరీక్షలు అందరికీ తెలిసినవే. పెన్సిలిన్ వెంటనే మొదలుపెట్టారు. ఆ రాత్రి గురించి మాత్రం చెప్పాలి.

కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం దాదాపు ఆగిపోయింది. మంచం పక్కన వేలాడే మూత్రం సంచికి ఒక మలయాళీ నర్సు గంటగంటకీ టార్చి కొట్టి, పెన్నుతో గీత పెట్టేది. గీతకీ గీతకీ మధ్య తేడా కనపడేది కాదు. అర్ధరాత్రి దాటాక దగ్గు వచ్చింది. తువ్వాలు మీద రక్తం. కొంచెం కాదు. డాక్టరు చిన్న కుర్రాడు, పరిగెత్తుకొచ్చి ఆక్సిజన్ పెట్టాడు. పోర్ట్ బ్లెయిర్ పంపాలి, ఇక్కడ డయాలిసిస్ లేదు, హెలికాప్టర్ కోసం అడిగాం, వాన తెరిపిస్తేనే వస్తుంది అన్నాడు. రోడ్డు మీద వెళ్దామంటే రెండు వందల కిలోమీటర్ల పైన దూరం, మధ్యలో బారాటాంగ్ దగ్గర బల్లకట్టు, ఆ తర్వాత జారవా రిజర్వు. అంతసేపు నా ఊపిరి నిలబడదని ఆయన అన్నది నాకు వినపడింది.

రేకుల మీద వాన. అది ఆగాలని నేను ప్రార్థించలేదు. నోట మాట రాలేదు. ఆ పెద్దాయన మాటే చెవిలో తిరుగుతోంది. రక్తం కక్కుతూ, నా చిన్నప్పటి నుంచి చేసిన తప్పులన్నీ వెతుక్కున్నాను. మా అత్తగారితో ఆడిన ఎత్తిపొడుపు మాట, ఎప్పుడో చెప్పిన అబద్ధం, అన్నీ. చావుకి దగ్గరగా ఉన్న మనిషి చేత ఆ పని చేయించడం ఎంత క్రూరమో ఆయనకి తెలుసా? మా ఆయన నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నాకు జాలి కూడా కలగలేదు. నిన్న ఎందుకు తీసుకురాలేదండీ అని ఒక్కసారే అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు.

తెల్లారేసరికి మబ్బు విడింది. హెలికాప్టర్ వచ్చింది. ఆ వాన ఆపింది దేవుడే అని నేను నమ్ముతాను. ఎవరేమనుకున్నా సరే.

జి.బి. పంత్ ఆసుపత్రిలో డయాలిసిస్ చేశారు. రక్తం కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లోని మన శ్రీకాకుళం కుర్రాళ్ళు వేట మానుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది ఎప్పుడూ చర్చి గడప తొక్కినవాళ్ళు కాదు. "అక్కా, మన ఊరి మాట మాట్లాడే మనిషివి, అది చాలదా?" అన్నాడొకడు. మూత్రం మళ్ళీ మొదలైన రోజు మా ఆయన ఆ సంచి చూసి స్తోత్రం అని కేకేశారు. వార్డంతా తిరిగి చూసింది.

బైబిల్లో, అపొస్తలుల కార్యాల్లో, పౌలు మెలితే ద్వీపంలో కట్టెలు ఏరి మంటలో వేస్తుంటే పాము చేతికి చుట్టుకుంటుంది. చూసినవాళ్ళు వెంటనే, వీడు నరహంతకుడై ఉంటాడు అన్నారు. కష్టం కనపడగానే పాపం వెతకడం అంత పాత అలవాటు. అదే పౌలు తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు, అతని విశ్వాసం మీద ఒక్క మాట అనలేదు. ఆసుపత్రి మంచం మీద ఈ రెండూ చదివాక నా గుండెలో బరువు కొంత దిగింది. పెద్దాయన తర్వాత ఫోన్ చేసి, చూశారా, ప్రార్థన ఫలించింది అన్నారు. ఫలించింది. కానీ ఆయన ఆపమన్న వైద్యంలోంచి, ఆంటీ బొటనవేలిలోంచి ఫలించింది. ఆ మాట ఆయనతోనే చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఫోన్ పెట్టేశారు. క్షమించమని దేవుడు చెప్పాడు కాబట్టి క్షమించే ప్రయత్నంలో ఉన్నాను. మా ఇంట్లో మాత్రం ఆయనకి ఇక బస లేదు. మా ఆయన కూడా ఒప్పుకున్నారు.

పొలాల్లో దిగేవాళ్ళకి నేను చెప్పేది ఇది. వానాకాలంలో జ్వరంతోపాటు పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు ఉంటే ఇంట్లో ఆగొద్దు. బురదలో నడిచానని డాక్టరుకి మీరే నోరు తెరిచి చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. కాలికి గాయం ఉంటే నీళ్ళలో దిగకండి, తప్పదంటే గమ్‌బూట్లు వేసుకోండి. వారానికోసారి డాక్సీసైక్లిన్ వేసుకుంటే జబ్బు ముదరకుండా కాస్తుందని ఉత్తర అండమాన్‌లోనే పరీక్షించి చూశారు. కానీ అది డాక్టరు ఇస్తేనే, సొంతంగా కొనుక్కుని కాదు.

ఆదివారం ప్రకటనల్లో ఇప్పుడు ఈ సంగతి హిందీలో, తెలుగులో మా ఆయనే చదువుతారు, కరెన్ భాషలో ఆంటీ చెబుతుంది. పోయిన నెల రాంచీ బస్తీ నుంచి ఒకతను కూడిక మధ్యలో లేచి, పాస్టర్ జీ, నా పిక్కలు అలాగే నొప్పి పెడుతున్నాయి అన్నాడు. వాక్యం అక్కడే ఆపి జీపెక్కించాం. నాలుగు రోజులకే ఇంటికొచ్చేశాడు.