మూడోసారీ తగ్గిన గ్యాస్: నీళ్ల తొట్టెలో ముంచితే గానీ దొరకని లీకు

ఏసీలో గ్యాస్ ఎక్కడి నుంచి పోతోందో ఎట్టకేలకు తెలిసింది. తెలిసిన చోటు చూశాక మాత్రం సంతోషించాలో తల పట్టుకోవాలో అర్థం కాలేదు. ఫ్లేర్లే (నట్టు కింద బిగిసేలా గరాటులా విప్పిన రాగి పైపు చివరలే) దోషులని తీర్మానించుకుని, వాటిని రెండుసార్లు కోసి కొత్తగా చేసి, రెండుసార్లూ ఓడిపోయిన తరువాత ఇది మూడో ప్రయత్నం.

యంత్రం ఒకటిన్నర టన్నుల స్ప్లిట్, వేడిగాలి కూడా ఇచ్చే రకం. గ్యాస్ ఆర్-32, నేమ్‌ప్లేట్ మీద ఉన్న తూకం 1,100 గ్రాములు. ఈసారి రికవరీ సిలిండర్‌లోకి లాగి తూచితే 800 గ్రాములే వచ్చింది, అంటే తొమ్మిది నెలల్లో 300 గ్రాములు పోయిందన్నమాట. లక్షణాలు ముందే కనిపించాయి: ఇండోర్ యూనిట్ పీల్చే గాలికీ వదిలే గాలికీ మధ్య 11 డిగ్రీలు ఉండే తేడా 5 డిగ్రీలకు పడిపోయింది, అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సన్న పైపు నట్టు మీద మంచు పేరుకుంది, గేజ్ 85 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) చూపించింది. ఆర్-32కు ఆ ఒత్తిడి దగ్గర మరుగు స్థానం సున్నాకు సుమారు 5 డిగ్రీల దిగువన ఉంటుంది కనుక మంచు పట్టడంలో వింత లేదు.

మొదటి ఓటమి నా చేతకానితనమే. పాత పద్ధతి ఫ్లేరింగ్ టూల్‌తో చేసేటప్పుడు పైపు డై (పైపును పట్టి ఉంచే దిమ్మ) పైకి 1 నుంచి 1.5 మి.మీ. వరకు పొడుచుకు రావాలి. నేను సమానంగా బిగించాను. అర అంగుళం పైపు ఫ్లేర్ వెడల్పు 16.2 నుంచి 16.6 మి.మీ. ఉండాల్సింది 15.7 దగ్గరే ఆగింది. రెండోసారి 16.4 మి.మీ. తెప్పించి, టార్క్ రెంచ్‌తో పెద్ద నట్టును 55, చిన్న నట్టును 16 న్యూటన్ మీటర్లకు బిగించి, ఒక్కో ఫ్లేర్ వెనుక నైలాగ్ (లీకు ఆపే జిగట ద్రవం) చుక్క కూడా రాశాను. పంపుతో లోపలి గాలిని లాగేస్తే వ్యాక్యూమ్ 400 మైక్రాన్ల (దాదాపు పూర్తి శూన్యం) దగ్గర అరగంట కదలకుండా నిలిచింది, నేను గెలిచాననుకున్నాను. వ్యాక్యూమ్‌లో లీకు మీద పడేది ఒక్క వాతావరణ పీడనమే, అంటే 14.7 పీఎస్ఐ, ఇంత సన్నని రంధ్రం ఆ పరీక్షలో బయటపడదని ఇప్పుడు తెలిసింది.

అందుకే ఈసారి అవుట్‌డోర్ వాల్వులు మూసి, పైపులలోకీ ఇండోర్ కాయిల్‌లోకీ (గదిగాలిని చల్లబరిచే రాగి గొట్టాల వంపులు) 400 పీఎస్ఐ నైట్రోజన్ ఎక్కించాను. నేమ్‌ప్లేట్ మీది గరిష్ఠ ఒత్తిడి ఇంతకంటే చాలా ఎక్కువ. సాయంత్రం 34 డిగ్రీల దగ్గర 400 ఉన్న ముల్లు, మరునాటి ఉదయం 26 డిగ్రీల దగ్గర 381 చూపించింది. ఇక్కడే చాలామంది 19 పీఎస్ఐ లీకైందని కంగారు పడతారు. వాతావరణ పీడనం కలిపి 414.7ను, ఉష్ణోగ్రతలకు 273 కలిపితే వచ్చే 299తో గుణించి 307తో భాగిస్తే 403.9 వస్తుంది, అంటే గేజ్ మీద 389. చలికి తగ్గినది 11, నిజంగా పోయినది 8 మాత్రమే. టెస్టో డిజిటల్ మానిఫోల్డ్ (గొట్టాలతో తగిలించే గేజ్‌ల సెట్) ఈ లెక్క తనంతట తానే వేసుకుంటుంది. నాకైతే కాగితం మీద వేసుకుంటేనే నమ్మకం.

ఆ 8లో కొంత నా గొట్టాలదే. రాత్రంతా మానిఫోల్డ్ తగిలించి ఉంచడం తప్పు. అరిగిన రబ్బరు వాషర్లు కూడా లీకవుతాయి. గొట్టాలు తీసేసి, పైపులనూ కాయిల్‌నూ విడదీసి, ఇత్తడి మూతలు బిగించి, ఒక్కోదానికి నేరుగా గేజ్ పెట్టి మళ్లీ 400 ఎక్కించాను. 33 నుంచి 27 డిగ్రీలకు దిగితే రెండింటిలోనూ 392 ఉండాలి. పైపులలో 392 ఉంది, కాయిల్‌లో 385 ఉంది. నేను రెండోసారి చేసిన ఫ్లేర్లు నిర్దోషులని అప్పుడు తేలింది.

కాయిల్ మీద సబ్బు నురుగు ఎంత రాసినా ఏమీ కనిపించలేదు. చివరకు కాయిల్‌ను విప్పి నీళ్ల తొట్టెలో ముంచి, 150 పీఎస్ఐ పెట్టి, రెక్కలలో చిక్కుకున్న గాలి పోవడానికి పది నిమిషాలు ఆగి, టార్చి వేసి చూశాను. కుడివైపు చివరి పలక వెనుక, పైనుంచి మూడో వంపు దగ్గర, రెండు రెక్కల మధ్య మిరియపు గింజంత బుడగ ఊరి, కాసేపు అంటిపెట్టుకుని ఉండి, జారి పైకి వచ్చింది. గడియారం పెట్టుకుని చూస్తే సుమారు 15 సెకన్లకు ఒకటి, ప్రతిసారీ అదే చోటు నుంచి. నురుగు చేరలేని లోతు అది.

అతుకు దగ్గర కాకుండా పైపు గోడలోనే రంధ్రం పడిందంటే, రాగిని చీమలపుట్టలా లోపల్లోపల తొలిచే తుప్పు అని నా అనుమానం. దానికి రాగి, తేమ, ఆక్సిజన్, ఫార్మిక్ లేదా అసిటిక్ వంటి ఆమ్లం కావాలి. మొదటి మూడూ ప్రతి ఇండోర్ కాయిల్‌లోనూ ఉండేవే. నాలుగోది నేనే పోశాను: రెండు వేసవులు వరుసగా కాయిల్‌ను వెనిగర్ నీళ్లతో కడిగి, ఆ తరువాత మంచినీళ్లతో సరిగా జాడించకుండానే బిగించాను. గదిలో ప్లైవుడ్ అల్మరాల జిగురు నుంచి వచ్చే ఆవిరి కూడా కారణం కావచ్చు గానీ, వెనిగర్ సీసా మీదికే నా చూపు పోతోంది.

ఆ రంధ్రానికి బ్రేజింగ్ (లోహం కరిగించి అతికే) మంట అందదు. అందినా, పక్కనే ఇంకో పుట్ట లేదన్న నమ్మకం లేదు. సిస్టమ్‌లో పోసే లీక్ సీలెంట్లను నేను ముట్టుకోను. తేమ తగిలితే గట్టిపడే రకం ఒక్కసారి రికవరీ మెషీన్‌లోకి వెళ్తే దాని పని కూడా అయిపోతుంది. కాబట్టి కాయిల్ మార్చడమే. రాగి పైపుకు పూత ఉన్న కాయిల్ కోసం చూస్తున్నాను. అల్యూమినియానికి ఈ తుప్పు బెడద లేకపోయినా, రాగితో కలిసే అతుకు దగ్గర వేరే తుప్పు మొదలవుతుందేమోనన్న భయంతో వెనుకాడుతున్నాను.

 

కొత్త కాయిల్ రాగానే బిగించక ముందే తొట్టెలో ముంచి చూడాలి. ఆ తరువాత 24 గంటల నైట్రోజన్ పరీక్ష, వ్యాక్యూమ్, తూచి 1,100 గ్రాములు నింపడం. రెండు పైపులకూ విడివిడిగా ఆర్మాఫ్లెక్స్ (వేడి, చలి దాటనివ్వని రబ్బరు నురుగు తొడుగు) తొడగాలని కూడా ఉంది, ఎందుకంటే వేడిగాలి నడిచేటప్పుడు లావు పైపే వేడి గ్యాస్ మోస్తుంది, ఇప్పుడున్న పాత స్పాంజి అక్కడే ఎండి రాలిపోతోంది. చలికాలం వచ్చేలోపు అవుట్‌డోర్ కాయిల్ మంచు కరిగించుకునే తీరును సెన్సర్‌తో నమోదు చేయాలి. కిందటేడాది అది మరీ తరచుగా ఆగినట్లు అనిపించింది, అదీ గ్యాస్ తక్కువ వల్లనేనా అన్నది అప్పుడు తేలుతుంది.