బాలింతకి సొరపుట్టు పెట్టొచ్చా?

మా చెల్లి పురిటికి శ్రీకాకుళం వచ్చింది, పాప పుట్టి ఇవాళ్టికి పదిహేను రోజులు. మొన్న పొద్దున్నే కళింగపట్నం నుంచి చేపల తట్ట పట్టుకొచ్చే అప్ప మా గుమ్మంలో దించి "పాలసొర తెచ్చాను, గుంటకి పాలు సాలట్లేదన్నావు కదా, వారం రోజులు పెట్టు, ఎలగ పడవో సూద్దాం" అంది. అమ్మ గిన్నె పట్టుకుని బయటకి వచ్చేసింది. నేను వద్దన్నాను. అంతే, ఇంట్లో రెండ్రోజులు ఇదే గొడవ.

అమ్మ కోపం నాకు తెలుసు. సొరపుట్టు అంటే సొరచేపతో చేసే పొడికూర, ఊరికే అయ్యేది కాదు, పసుపేసి ఉడకబెట్టాలి, గరుకు కాగితంలా ఉండే ఆ తోలు వేలితో గీకి తీసెయ్యాలి, ముల్లు ఏరాలి, గుడ్డలో వేసి నీళ్ళు పిండి పొడిపొడిగా చిదిమి అప్పుడు ఉల్లిపాయ పచ్చిమిరపకాయ వెల్లుల్లి కరివేపాకుతో వేపాలి. నా పురిటికీ మా అమ్మమ్మ అమ్మకి అదే పెట్టిందట. అలాంటిదాన్ని ఫోన్‌లో ఏదో చదివి వద్దంటే ఏ అమ్మకైనా మండుతుంది.

నేను చెప్పింది ఇది. సముద్రంలోకి చేరిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి, అది నాచులోకి, నాచు తినే పురుగులోకి, పురుగు తినే నెత్తళ్ళలోకి, నెత్తళ్ళని తినే పెద్ద చేపలోకి ఎక్కుతూ పోతుంది, ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఇంకా చిక్కబడుతుంది. సొర వేటాడి తినే చేప, చాన్నాళ్ళు బతుకుతుంది, కాబట్టి దాని ఒంట్లో అన్నీ కలిసి చేరతాయి. అమెరికాలో ఆహారం, మందులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షల్లో సొరల్లో పాదరసం సగటున కిలోకి 0.98 మిల్లీగ్రాముల దగ్గర తేలింది, మన కవ్వల్లాంటి సార్డిన్‌లలో 0.013, నెత్తళ్ళ జాతిలోనూ దాదాపు అంతే. అవి అక్కడి సముద్రాల లెక్కలే, కానీ ఎవరు ఎవర్ని తింటారన్న వరస ఎక్కడైనా ఒకటే.

ఇప్పుడు చెల్లి విషయానికి వస్తే, 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ కలిసి నడిపే నిపుణుల కమిటీ మిథైల్ మెర్క్యురీకి పెట్టిన హద్దు వారానికి ఒంటి బరువులో కిలోకి 1.6 మైక్రోగ్రాములు. చెల్లి 55 కిలోలు, అంటే వారానికి 88 మైక్రోగ్రాములు. ఆ సగటు సొరలో గ్రాముకి దాదాపు ఒక మైక్రోగ్రాము ఉంటుంది, కాబట్టి 90 గ్రాములకే హద్దు అయిపోతుంది, చిన్న గిన్నెడు పుట్టు. కవ్వలైతే ఆరు కిలోలు దాటి తిన్నా ఆ హద్దు రాదు. ఈ తేడా చూశాక నాకు నిద్ర పట్టలేదు.

"నీళ్ళు పిండేస్తాం కదే, విషం అందులో పోదా?" అని అడిగింది అమ్మ. మంచి ప్రశ్నే అది. పోదు. అది కండలోని మాంసకృత్తుల్ని పట్టుకుని ఉంటుంది, ఉడికించినా వేపినా పులుసు పెట్టినా వదలదు, పైగా నీళ్ళు పిండేస్తే కండ తగ్గి అదే పాదరసం కొంచెం బరువులో ఉండిపోతుంది.

పెద్దవాళ్ళం మనకి పెద్దగా ఏం తెలీకపోవచ్చు. భయం బిడ్డ మెదడు గురించి. జపాన్‌లో ఈ పాదరసంతోనే వచ్చిన మినమట జబ్బు 1956లో బయటపడింది, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసిన అఖాతంలో చేపలు తిన్న ఊళ్ళలో, అక్కడ కొందరు తల్లులకి పెద్దగా జబ్బు కనిపించకుండానే కడుపులో బిడ్డలకి నరాలు దెబ్బతిన్నాయి. కడుపులో ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదం, పాలలోకి తక్కువే వస్తుంది గానీ వస్తుంది. అందుకే అమెరికాలో గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ సొర వద్దని చెప్తారు, చేపలు మాత్రం మానొద్దనే చెప్తారు. అది ముఖ్యం. ఎవరైనా ఇది చదివి ఇంట్లో చేపే మానేస్తే నాకు బాధేస్తుంది, పిల్లల మెదడుకి కావాల్సిన ఒమేగా కొవ్వులు మన కవ్వల్లో, కానాగంతల్లో బోలెడు.

ఇంకో రెండు మాటలు. కాడ్మియం అని ఇంకో విష లోహం ఉంది, అది కండలో కన్నా చేప కార్జంలో, పీత లోపలి గుజ్జులో ఎక్కువ చేరుతుంది, మనిషి కిడ్నీలో చేరితే అందులో సగం పోవడానికే పది నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. మా జిల్లాలోని ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, దాన్ని చేపల మీదకి తొయ్యడం తప్పు, కానీ కిడ్నీలు పోయిన ఇళ్ళు ఇన్ని ఉన్న జిల్లాలో ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే గెడ్డల్లో, చెరువుల్లో పట్టిన చేపని పరీక్ష చేసి ఆ ఫలితం తెలుగులో రేవు దగ్గర బోర్డు మీద రాయాలా వద్దా? వేట చేసుకునేవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్ళింట్లో పిల్లలే అందరికన్నా ఎక్కువ తింటారు.

నిన్న అప్ప మళ్ళీ వచ్చింది. "నానూ సొరే తిన్నాను, నాకేటయింది" అంది, అని కాసేపు చెల్లి ఒళ్ళో పాపని చూసి, తట్టలో అడుగునుంచి నెత్తళ్ళు తీసి రెండు దోసిళ్ళు గిన్నెలో పోసింది. అమ్మ పెరట్లో కూర్చుని ఒక్కోదాని తల గిల్లి పొట్ట తీసి చింతకాయతో ఇగురు పెట్టింది, చెల్లి రెండుసార్లు పెట్టించుకుంది.

రాత్రి గిన్నెలు సర్దుతూ అమ్మ అడిగింది, "ఆదివారం అల్లుడొస్తాడు, కోనెం వేపుతాను, అదీ పెద్ద చేపే కదా మరి?" అల్లుడికి పెట్టమ్మా, చెల్లికి మాత్రం కానాగంతలు తెప్పిద్దాం అన్నాను. సరే, అప్పతో పొద్దున్నే చెప్పాలి అంది.