ఐదు నిమిషాల సగటులో కనపడనిది

మా బ్రాంచి ఆఫీసు నుంచి మధ్యాహ్నం అయితే చాలు ఫోన్లు: "సార్, నెట్ నత్తనడక నడుస్తోంది." ఐదు నిమిషాలకో సగటు చూపే గ్రాఫ్ తీస్తే 100 ఎంబీపీఎస్ లింకులో వాడకం 40 శాతం కూడా దాటదు. అయినా ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్ల మాటే నమ్మాను.

ఇవాళ ఆ లింకు పోర్టులో ఎన్ని బైట్లు పోయాయో లెక్కపెట్టే కౌంటర్లను, నెట్‌వర్క్ పరికరాల నుంచి వివరాలు రాబట్టే ఎస్‌ఎన్‌ఎంపీతో 5 సెకన్లకోసారి చదివించి లైవ్ గ్రాఫ్ పెట్టాను. నిమిషం నిమిషానికీ గీత నిటారుగా లేస్తోంది, 100 దగ్గర కత్తిరించినట్టు బల్లపరుపుగా ఆగుతోంది, కాసేపటికి దబ్బున పడుతోంది. సరిగ్గా అక్కడే కింద డ్రాప్స్ (లింకులో పట్టక పారేసిన ప్యాకెట్లు) గీత కూడా లేస్తోంది! సీసీ కెమెరాల రికార్డర్ వీడియోలన్నీ ఒక్కసారిగా హెడ్డాఫీసుకు తోస్తోంది. దానికి స్పీడ్ లిమిట్ పెట్టాక ఫోన్లు ఆగాయి. ఎంత హాయిగా ఉందో!

1995లో విడుదలైన ట్రాఫిక్ గ్రాఫుల సాఫ్ట్‌వేర్ ఎంఆర్‌టీజీని టోబియాస్ ఓటికర్ ఒక 64 కేబీపీఎస్ లైను మీద కన్నేసి ఉంచడానికి రాశారు. ఆ లైనుకు ఐదు నిమిషాల సగటు సరిపోయేది. ఇప్పటి లింకులకు చాలదు. (ఆయనంటే నాకు చాలా గౌరవం, ఆ పనిముట్టుతోనే ఈ పని నేర్చుకున్నాను.)

ఇంకోటి. 1 జీబీపీఎస్ లింకు నిండుగా పారితే 32 బిట్ల బైట్ కౌంటర్ దాదాపు 34 సెకన్లకే నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఐదు నిమిషాలకోసారి చదివితే వచ్చే అంకె శుద్ధ తప్పు. మీ దగ్గర పాత టెంప్లేట్లు (గ్రాఫ్‌కు ఏ కౌంటర్ చదవాలో చెప్పే సెట్టింగులు) ఉంటే 64 బిట్ల కౌంటర్లకు మార్చేయండి, దయచేసి.