కోడూరు గనుల నలుపు

సంక్రాంతికి విజయనగరం వెళ్లిన ప్రతిసారీ కోట, గంటస్తంభం, పైడితల్లి గుడి చూసి తిరిగి రావడం మా ఇంట్లో ఆనవాయితీ. ఈసారి కనుమ మర్నాడు మా బావ మోటారు సైకిల్ తీసి, "కోడూరు గనులు చూద్దువు గాని, పద" అన్నాడు. నెల్లిమర్ల దాటి, చంపావతి వంతెన మీదుగా గరివిడి వైపు సాగుతుంటే, ఎర్రనేలలో తాటిచెట్ల నడుమ అక్కడక్కడా నల్లటి దిబ్బలు కనిపించసాగాయి. అవి కొండలు కావని, తవ్విపోసిన మట్టి గుట్టలని దగ్గరికి వెళ్తే గానీ తెలియలేదు.

మన దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలినాళ్లలో మొదలైంది ఈ కోడూరు ప్రాంతంలోనే. గర్భాం గని కూడా ఆ రోజుల్లో పేరు మోసినదే. ఉక్కు తయారీలో గంధకం వల్ల వచ్చే పెళుసుదనాన్ని పోగొట్టి, లోహానికి గట్టిదనం ఇచ్చేది మాంగనీసు కనుక, ఇక్కడి నల్లరాయి సముద్రాలు దాటి వెళ్లింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమయ్యే దాకా ఈ తీరంలో సరుకును పడవల్లోకి ఎక్కించి, దూరంగా లంగరు వేసిన ఓడలకు చేర్చవలసి వచ్చేది. స్వాతంత్ర్యం తర్వాత గరివిడి పక్కనే శ్రీరాంనగర్‌లో ఫెర్రో మిశ్రలోహాల (ఇనుముతో మాంగనీసు వంటివి కలిపి చేసే లోహాల) కర్మాగారం వెలిసింది.

పాత గోతి ఒకదాని అంచున నిలబడి చూస్తే, గోడ పొడవునా నలుపు, పసుపు, తెలుపు చారలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. తెల్లటి భాగాన్ని గోటితో గీరితే సుద్దలా రాలింది. ఒకప్పుడు గట్టి రాయిగా ఉన్నదే కాలక్రమంలో మెత్తబడి ఇలా మారిందట. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన లూయిస్ లీ ఫెర్మోర్ ఈ రాళ్లను శ్రద్ధగా పరిశీలించి, ఇక్కడి విశిష్టమైన శిలకు ఊరి పేరు మీదనే కోడూరైటు అని పేరు పెట్టాడు. మాంగనీసు ఖనిజాల మీద ఆయన రాసిన బృహద్గ్రంథం 1909లో వెలువడింది. భూగర్భశాస్త్ర పుస్తకాలకెక్కిన ఆ పేరు చెప్పే బోర్డు మాత్రం మేము తిరిగినంత మేర ఒక్కటీ కనిపించలేదు. ఇది నాకు కొంచెం కష్టంగానే తోచింది.

గుప్పెడంత రాయిని చేతిలోకి తీసుకుంటే ఇనుప గుండులా బరువుగా ఉంది. కింద పెట్టేసరికి వేళ్లన్నీ మసి పట్టినట్టు నల్లబడ్డాయి. సీసాలో నీళ్లన్నీ పోసి కడిగినా ఆ నలుపు వదలకపోవడం చూసి, మేకలు కాస్తున్న ఒక ముసలాయన నవ్వాడు. "నీళ్లకి వదల్దు బాబూ, చింతపండెట్టి తోమాల" అన్నాడు. పరాచికమేమో అనుకున్నాను గానీ, ఆ రాత్రి ఇంటికి వెళ్లి తోమి చూస్తే నిజంగానే చాలావరకు వదిలింది. చొక్కా మీది మరకను మాత్రం అక్క క్షమించలేదు.

గోతుల అంచులు వదులుగా ఉంటాయి కాబట్టి పిల్లలతో వెళ్లేవారు దూరం నుంచే చూడటం మేలు. అడుగున నిలిచిన నీళ్లు ఎంత అందంగా కనిపించినా దిగకూడదు. మేము ఎండ ముదరక ముందే బయలుదేరి, దారిలో ఉడకబెట్టిన తేగలు కొనుక్కుని రామతీర్థం చేరాము. రాముడి దర్శనం చేసుకుని, సాయంత్రం గురుభక్తులకొండ ఎక్కాము. పైన బౌద్ధుల నాటి ఇటుక కట్టడాల పునాదులున్నాయి. దుర్గకొండ మీది జైన విగ్రహాలను చూడటానికి వెలుగు చాలలేదు. ఇటుకల పక్కన కూర్చుని తేగ చీలుస్తుంటే, తెల్లటి గుజ్జు మీద నా వేలిముద్రలు నల్లగా పడ్డాయి.