ప్లేట్ మీద మరకలన్నీ ఎడమవైపే

శనివారం రాత్రి మా ఎయిర్ రైఫిల్ షూటింగ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, రేపు గాలి గట్టిగానే ఉండేలా ఉంది, రాగలిగినవాళ్లు రండి, రాలేకపోతే ఏమీ అనుకోం అని. పొద్దున వెళ్లేసరికి 14 మంది ఉన్నాం. కారు డోర్ తీస్తుంటేనే గాలి చేతిలోంచి లాగేసుకుంది. చెట్ల కొమ్మలు కొంచెం కదిలే టైప్ కాదు, ఆకులూ చిన్న రెమ్మలూ అసలు ఆగకుండా ఊగుతున్నాయి. మాలో ఒకాయన దగ్గర చేతిలో పట్టుకునే విండ్ మీటర్ ఉంటుంది, దాన్ని పైకెత్తి చూస్తే సెకనుకి 3 మీటర్లు, 4 మీటర్లు, మధ్యలో ఒక్కసారిగా 6 చూపిస్తోంది. కుడి నుంచి ఎడమకి. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది ఎందుకంటే గాలి లేని రోజు ఎలా కొట్టాలో నాకు ఇప్పుడు బాగానే తెలుసు, ఇలాంటి రోజు ఎలా కొట్టాలో తెలీదు, తెలీని దాని కోసమే కదా ఆదివారం పొద్దున్నే లేచి వచ్చేది.

ఎయిర్ రైఫిల్ అనగానే చాలామందికి ఒలింపిక్స్‌లో ఆడే 10 మీటర్లది గుర్తొస్తుంది, 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టింది, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ బ్రాంజ్ తెచ్చింది అదే. అది హాల్ లోపల ఆడే ఆట, అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, కానీ గాలి ఉండదు. మేం ఆడేది బయట, చెట్ల మధ్య, హంటర్ ఫీల్డ్ టార్గెట్ పద్ధతిలో. ఇనుప ప్లేట్‌కి మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది, దాన్ని కిల్ జోన్ అంటాం, దాని వెనక ఒక చిన్న పెడల్ ఉంటుంది, పెల్లెట్, అంటే రైఫిల్‌లోంచి వచ్చే చిన్న సీసం గుండు, రంధ్రంలోంచి వెళ్లి ఆ పెడల్‌కి తగిలితే ప్లేట్ వెనక్కి పడిపోతుంది, 2 పాయింట్లు. రంధ్రం తప్పి ప్లేట్‌కి తగిలితే 1. ఏదీ తగలకపోతే సున్నా. ఒక్కో టార్గెట్‌కి ఒక్కటే షాట్. 30 టార్గెట్లు, అంటే ఫుల్ స్కోర్ 60. దూరాలు ఎవరూ చెప్పరు, రైఫిల్ మీద దుర్బిణిలా ఉండే స్కోప్‌లో చూసి మనమే అంచనా వేసుకోవాలి, మొదలుపెట్టాక స్కోప్ నాబ్స్ తిప్పకూడదు. పడిన ప్లేట్‌ని మళ్లీ లేపడానికి టార్గెట్ నుంచి మన దాకా ఒక సన్నటి తాడు ఉంటుంది, లాగితే లేస్తుంది. ఈ తాడు గురించి మళ్లీ చెప్తాను.

నా పార్టనర్‌గా కాలేజీలో చదివే ఒకమ్మాయి వచ్చింది, షూటింగ్ మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు, గాలిలో ఇదే తనకి మొదటి పోటీ. మా దగ్గర ఒక పద్ధతి ఉంది, ఇద్దరూ కొట్టేదాకా ఒకరికొకరు ఏమీ చెప్పకూడదు, ఇద్దరి షాట్లూ అయిపోయాక ఎంత దాచుకోకుండా చెప్పుకుంటే అంత మంచిది. ఫ్రెండ్లీ మ్యాచ్ అంటే నాకు నచ్చేది ఇదే.

మొదటి మూడు టార్గెట్లు దగ్గరవి, 12 నుంచి 18 మీటర్ల లోపు, మూడూ పడ్డాయి. నాలుగోది 35 మీటర్లు ఉంటుందనిపించింది. గాలి ఉందని తెలుసు కాబట్టి కుడివైపుకి కొంచెం జరిపి రంధ్రం కుడి అంచు మీద పెట్టి కొట్టాను, ఠంగ్ అని ప్లేట్ సౌండ్, రంధ్రానికి ఎడమ పక్కన. ఐదోది అంతే. ఆరోది అసలు ప్లేట్ అంచుకి కూడా తగల్లేదు, పెల్లెట్ ఎడమవైపు గడ్డిలోకి పోయింది. ప్రతిసారీ గాలికి ఇవ్వాల్సింది ఇచ్చాననే అనుకున్నాను. 15 టార్గెట్లు అయ్యేసరికి 6 పడ్డాయి, 7 ప్లేట్‌కి తగిలాయి, 2 మిస్, మొత్తం 19. గాలి లేని రోజు ఇదే సగంలో నాకు 26, 27 వస్తాయి.

ఇక్కడ గాలి పెల్లెట్‌ని ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను చాలా కాలం దీన్ని తప్పుగానే అర్థం చేసుకున్నాను. నేను వాడేది 4.5 మిల్లీమీటర్ల కాలిబర్, 8.44 గ్రెయిన్ల పెల్లెట్, అంటే అర గ్రాము పైన కొంచెం. బ్యారెల్ నుంచి సెకనుకి 240 మీటర్ల దగ్గర బయలుదేరుతుంది. 40 మీటర్లు వెళ్లడానికి సుమారు 0.19 సెకను పడుతుంది. సెకనుకి 3 మీటర్ల పక్కగాలి దాన్ని తనతో పాటు మోసుకుపోతే 57 సెంటీమీటర్లు పక్కకి పోవాలి, కానీ అంత పోదు, 6 సెంటీమీటర్లు పోతుంది. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది మొత్తం ప్రయాణం టైమ్ కాదు, గాలి రాపిడి వల్ల పెల్లెట్ పోగొట్టుకున్న టైమ్. స్పీడ్ ఏమాత్రం తగ్గకపోతే 40 మీటర్లు 0.167 సెకన్లలో వెళ్లిపోయేది, అసలు పట్టింది 0.188, ఆ తేడా 0.021 సెకను, దాన్ని 3తో గుణిస్తే 6 సెంటీమీటర్లు. పెల్లెట్ నడుము సన్నగా ఉండి వెనక లంగాలాగా వెడల్పవుతుంది కదా, ఆ ఆకారం వల్ల తిన్నగా వెళ్తుంది గానీ స్పీడ్ తొందరగా పోతుంది, 40 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 190కి పడిపోతుంది. అందుకే గాలికి అంత లోకువ.

ఇందులో అసలు దెబ్బ తీసేది ఇంకొకటి. 20 మీటర్ల దగ్గర ఇదే గాలికి జరిగేది ఒకటిన్నర సెంటీమీటరే. దూరం రెట్టింపైతే జరిగేది రెట్టింపు కాదు, దగ్గర దగ్గర నాలుగు రెట్లు. ఇదంతా రైఫిల్ స్టాక్ మీద, అంటే భుజానికి ఆనించే భాగం మీద, అంటించుకున్న చార్ట్‌లో రాసి ఉంది, నా చేత్తో నేనే రాసుకున్నాను, అయినా 35 మీటర్ల టార్గెట్‌ని చూసినప్పుడు మనసు దగ్గర టార్గెట్ లెక్కే వేస్తోంది.

సగం అయ్యాక బ్రేక్ ఇచ్చారు. విజిల్ కొట్టి, అందరి రైఫిళ్లూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, తెల్ల పెయింట్ స్ప్రే డబ్బాలు పట్టుకుని టార్గెట్ల దగ్గరికి వెళ్లాం. పెల్లెట్ తగిలిన చోట పెయింట్ పోయి బూడిద రంగు సీసం మరక పడుతుంది, రూపాయి బిళ్ల కంటే చిన్నది, చుట్టూ చిట్లినట్టు ఉంటుంది. ఆ మరకలు కప్పెయ్యకపోతే తర్వాత కొట్టేవాళ్లకి తమ షాట్ ఎక్కడ పడిందో తెలీదు. నేను డబ్బా ఊపుతున్నాను, ఆ అమ్మాయి ప్లేట్ ముందు కూర్చుని చూస్తూ, "అన్నా, ఒక్కసారి ఇటు చూడన్నా, మరకలన్నీ ఎడమవైపే ఉన్నాయి, కుడివైపు ఒక్కటి కూడా లేదు" అంది.

నిజంగానే లేదు. ఆ ప్లేట్ మీద తొమ్మిది మరకలున్నాయి, తొమ్మిదీ రంధ్రానికి ఎడమ పక్కనే, గుంపుగా. పక్క టార్గెట్‌కి వెళ్లాం, అక్కడా అంతే. దూరంగా ఉన్న టార్గెట్లు ఏది చూసినా అదే. మరకలు నావీ, తనవీ మాత్రమే కాదు, పదేళ్లుగా కొడుతున్నవాళ్లవి కూడా ఉన్నాయి అందులో. గాలిని సరిగ్గా అంచనా వెయ్యలేకపోవడమే కారణమైతే కొన్ని ఎక్కువ ఇచ్చి కుడివైపు పడాలి కదా, ఒక్కళ్లు కూడా ఎక్కువ ఇవ్వలేదు. అందరం తక్కువే ఇచ్చాం. గాలి ఎంతుందో అందరికీ తెలుసు, అంత ఇవ్వడానికి చెయ్యి రాలేదు, అంతే. 40 మిల్లీమీటర్ల రంధ్రం అంటే మధ్య నుంచి అంచుకి 2 సెంటీమీటర్లు, గాలికి ఇవ్వాల్సింది 6. అంటే క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) రంధ్రం దాటి బయటికి పోయి, ఖాళీ ఇనుము మీద, దాదాపు ప్లేట్ చివర నిలబడాలి. తప్పు చోట గురి పెట్టి రైట్ చోట తగలాలని కొట్టడం. కళ్లు ఒప్పుకోవు. వేలు నొక్కే ముందు చివరి క్షణంలో మనకి తెలీకుండానే రంధ్రం వైపుకి లాగేస్తాం.

పెయింట్ కొట్టేశాం, మరకలన్నీ పోయాయి. రెండో సగానికి నేను ఒకటే అనుకున్నాను, చార్ట్ ఎంత చెప్తే అంత ఇస్తాను, ఒక్క సెంటీమీటర్ కూడా తగ్గించను, తప్పితే కుడివైపు తప్పనీ.

22వ టార్గెట్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఆ రోజంతట్లో నాకు బాగా గుర్తున్నది అదే. పడుకుని కొట్టే టార్గెట్. మా దగ్గర రెండు పెద్ద చెట్లు అడ్డం, అందుకని మొహానికి గాలి పెద్దగా తగలడం లేదు. కానీ 15 మీటర్ల తర్వాత చెట్లు అయిపోయి ఖాళీ, అక్కణ్ణుంచి టార్గెట్ దాకా 25 మీటర్లు ఓపెన్. మామూలుగా మన దగ్గర ఉన్న గాలి టార్గెట్ దగ్గరి గాలి కంటే ఎక్కువ పక్కకి తోస్తుంది, ముందే పక్కకి తిరిగిన పెల్లెట్ మిగతా దూరమంతా ఆ వంకరలోనే పోతుంది కాబట్టి. ఇక్కడ అది తిరగబడింది, మన దగ్గర ఏమీ లేదు, తర్వాతే అంతా. బ్యారెల్ చివర కట్టుకున్న దారం ముక్క కదలకుండా వేలాడుతోంది, దాన్ని నమ్మితే అయిపోయినట్టే. అప్పుడు తాడు చూశాను. టార్గెట్‌ని లేపే ఆ తాడు మా దగ్గర నేల మీద ఉంది, ఖాళీ చోటుకి వచ్చాక విల్లులాగా ఎడమవైపుకి వంగి వణుకుతోంది. స్కోప్‌లోంచి ఆ వంపునే చూస్తూ ఉన్నాను. వంపు ఎక్కువవుతోంది, కొంచెం తగ్గుతోంది, మళ్లీ అదే వంపుకి వస్తోంది. ఒక్కోసారి మొత్తం వాలిపోతోంది, గాలి పడిపోయినట్టు, కానీ అది ఒకటి రెండు సెకన్లే.

ఇంతకుముందు అయితే ఆ పడిపోయే క్షణం కోసమే కాచుకునేవాణ్ణి. అది నాకెప్పుడూ కలిసిరాలేదు, గాలి ఆగింది అని మనం గుర్తించి ఊపిరి బిగబట్టి నొక్కేసరికి అది తిరిగొచ్చేస్తుంది, పైగా ఆ తొందరలో ట్రిగ్గర్ గుంజేస్తాం. ఎక్కువసార్లు వచ్చే వంపు ఏదో అదే నా వంపు అనుకుని దానికే రెడీ అయ్యాను. దూరం 40, రంధ్రం 40 మిల్లీమీటర్లు, ముందు 15 మీటర్లలో గాలి లేదు కాబట్టి 6కి బదులు 4 చాలు అనుకున్నాను, స్కోప్‌లో సరిగ్గా ఒక మిల్, అంటే గురి గీత మీద ఒక చుక్క దూరం. రంధ్రం మధ్యలోంచి కుడికి ఒక చుక్క. క్రాస్‌హెయిర్ మధ్య భాగం ఖాళీ తెల్ల పెయింట్ మీద ఉంది. లోపల ఎవరో వద్దు వద్దు అంటూనే ఉన్నారు. తాడు ఆ వంపుకి వచ్చింది, అలాగే నిలిచింది, నొక్కాను.

పెల్లెట్ వెళ్లడం స్కోప్‌లో కనిపించింది. ఎండ వెనక నుంచి పడుతుంటే పెల్లెట్ వెనక భాగం చిన్న మెరుపులా కనిపిస్తుంది ఒక్కోసారి. మొదట తిన్నగా, నేను పెట్టిన చోటికే, కుడివైపుకే పోతున్నట్టు ఉంది, ఆఖర్లో ఎవరో పక్కనుంచి వేలితో తోసినట్టు ఎడమకి వంగి రంధ్రంలోకి దూరిపోయింది. ప్లేట్ పడిన చప్పుడు గాలిలో సరిగ్గా వినబడలేదు కూడా. నేను లేవకుండా అలాగే కాసేపు పడుకునే ఉన్నాను.

తర్వాత తను కొట్టింది, తనది కూడా పడింది. ఎంత ఇచ్చావని అడిగితే, "రంధ్రాన్ని చూడనే లేదన్నా, ప్లేట్ కుడి అంచుకీ రంధ్రానికీ మధ్యలో ఒక పెయింట్ చుక్క ఉంటే దాన్నే టార్గెట్ అనుకున్నా" అంది. ఇన్నేళ్లలో నాకు ఈ ఆలోచన రాలేదు. పక్కకి జరపాలి అనుకుంటే చెయ్యి వెనక్కి లాగుతుంది, అదే టార్గెట్ అనుకుంటే లాగడానికి ఇంకేమీ ఉండదు. మిగతావన్నీ నేను అలాగే కొట్టాను, పెయింట్ కారిన గీతో, బోల్ట్ తలో, ఏదో ఒకటి వెతుక్కుని.

నిలబడి కొట్టేవి మాత్రం కష్టమే అయ్యాయి. అక్కడ పెల్లెట్‌ని గాలి ఏం చేస్తుందనేది తర్వాతి సంగతి, ముందు మనిషినే ఊపేస్తోంది. రెండు నిలబడేవీ నాకు ప్లేట్‌కే తగిలాయి.

రెండో సగం 10 పడ్డాయి, 5 ప్లేట్, మిస్ ఒక్కటీ లేదు. 25. మొత్తం 44. గెలిచినాయనకి 51, ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఎలా కొట్టారని అడిగితే తాడు చూశానండీ అని మాత్రం అన్నారు. ఆ అమ్మాయికి మొదటి సగం 14, రెండో సగం 22. తనకి నా స్కోర్ కంటే తక్కువే వచ్చింది గానీ ఆ రోజు ఇద్దరం ఆడింది తను కనిపెట్టిన దాని మీదే, ఆ మాట అందరి ముందూ చెప్పాను.

సర్దేసేముందు చివరిసారి పెయింట్ కొట్టడానికి మళ్లీ టార్గెట్ల దగ్గరికి వెళ్లాం. గాలి అప్పటికీ తగ్గలేదు, స్ప్రే సగం పక్కకే కొట్టుకుపోతోంది, డబ్బాని ప్లేట్‌కి ఆనించి కొట్టాల్సి వచ్చింది. 25వ ప్లేట్ మీద బ్రేక్ తర్వాత పడినవి నాలుగు మరకలున్నాయి. మూడు ఎడమవైపు. ఒకటి రంధ్రానికి కుడి పక్కన, అంచుకి చాలా దగ్గరగా. నేను కొట్టాక తాడు వంపు ఒక్కసారిగా తగ్గిందని ఆ అమ్మాయి అప్పుడే చెప్పింది, కాబట్టి అది నాదే. ఫోన్ తీసి దాన్ని ఫొటో తీసుకున్నాక పెయింట్ కొట్టాను.