తెల్లారకముందే కడియపులంక

రాజమహేంద్రవరం దగ్గర పూలకీ నర్సరీలకీ పేరున్న కడియం వెళ్లడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అనుకుని పొద్దున్నే బయల్దేరినా చాలు. షరతల్లా ఒకటే, చీకటితోనే బయల్దేరాలి. టిఫిన్లు కానిచ్చి తాపీగా పదింటికి దిగేవాళ్లకి హైవే పక్కన వరసగా పెట్టిన కుండీలు కనపడతాయి. కడియం అంటే అవే అనుకుని నాలుగు గులాబీలు కొనుక్కుని వెనక్కి వెళ్లిపోతారు.

మేం వెళ్లింది డిసెంబరు చివర్లో. పూలు చూడాలంటే ఆ నెలా, జనవరీ మంచివి. బంతి, చామంతి విరగబూస్తాయి, కాగడా పూలూ దొరుకుతాయి. కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ నర్సరీల వాళ్లు వేల మొక్కల్ని రంగురంగుల బొమ్మలుగా పేర్చి పెడతారు. మల్లెల కోసమైతే మార్చి తర్వాత రావాలి. మామిడి, జామ లాంటి పళ్ల మొక్కలు కొనే పనైతే తొలకరి పడ్డాక రావడం మేలు, ఎందుకంటే వానల్లో పాతిన మొక్క మన నీళ్ల కోసం ఎదురుచూడదు. రోహిణి కార్తెలో మాత్రం ఇటు రావద్దు. మీకూ సుఖం ఉండదు, మొక్కా బతకదు.

రాజమహేంద్రవరం నుంచి రెండు దార్లున్నాయి. మోరంపూడి జంక్షన్ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేమగిరి దాటితే కడియపులంక వచ్చేస్తుంది, పది పన్నెండు కిలోమీటర్ల దూరం. రావులపాలెం వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సు ఎక్కినా అక్కడ దిగొచ్చు. రెండోది ధవళేశ్వరం మీదుగా కాలువ గట్టున సాగే రోడ్డు. ఇది కడియం ఊళ్లోకి తీసుకెళ్తుంది. ఆటో మాట్లాడుకునేటప్పుడు ఒట్టి ‘కడియం’ అంటే సరిపోదు, ‘కడియపులంక పూల మార్కెట్’ అని చెప్పాలి. రెంటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది. కడియంలో రైల్వేస్టేషను ఉంది గానీ ఎక్స్‌ప్రెస్‌లు చాలామటుకు ఆగవు, కాబట్టి రాజమహేంద్రవరంలో దిగడమే సుఖం.

అయిదింటికల్లా మార్కెట్లో ఉంటే అసలు వ్యాపారం చూడొచ్చు. రైతులు గోనెసంచుల్లో, గంపల్లో పూలు దించుతారు, కాటా పడుతుంది, బేరం రెండు మాటల్లో తేలిపోతుంది. ధర ఆ రోజుదే, నిన్నటి మాట ఇవాళ చెల్లదు. శ్రావణ శుక్రవారాలకీ, కార్తీకానికీ, పెళ్లి ముహూర్తాలకీ చుక్కలంటుతుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ కోత కూలి కూడా రాక రైతు చెట్టు మీదే వదిలేసిన సందర్భాలుంటాయి. పూలకి చవక కావాలంటే పండగ ముందురోజు పోకూడదు. సందడి కావాలంటే మాత్రం ఆ రోజే పోవాలి.

కిలో రెండు కిలోలు మనకీ అమ్ముతారు. చామంతి కొనేటప్పుడు పువ్వుని తిరగేసి తొడిమ చూడండి. తొడిమ పచ్చగా గట్టిగా ఉంటే ఇవాళ్టి కోత, రేకుల మొదట్లో గోధుమరంగు తిరిగితే నిన్నటిది. మీద చల్లిన నీళ్ల తళతళకి మోసపోవద్దు, ఆ నీళ్లు కూడా కాటాలో తూగుతాయి. కాగడా, మల్లె మొగ్గలుగా ఉన్నప్పుడే తీసుకోవాలి, విచ్చినవి ఇంటికి చేరేలోగా వాడిపోతాయి. అన్నింటికన్నా ముఖ్యం, పూలని పాలిథిన్ కవర్లో మూతి బిగించి పెట్టకండి. కోసిన పువ్వు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ వేడికి లోపల చెమ్మ పట్టి మధ్యాహ్నానికి ముద్దయిపోతుంది. తడిపి పిండిన గోనెసంచిగానీ అరటాకు పొట్లంగానీ వాడండి.

ఏడు దాటాక మార్కెట్ పలచబడుతుంది. అప్పుడు పక్క ఊరు బుర్రిలంక వైపు మళ్లాం. ఇక్కడి నేల గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. దానికి తోడు 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువ నీళ్లు. ఈ రెండూ లేకపోతే కడియం లేదు. చేలల్లోకి దిగేముందు గట్టు మీద ఎవరున్నా ఒక్కమాట అడగండి, కాదనేవాళ్లు అరుదు. మందు వాసన వస్తున్న చేలో మాత్రం కాలు పెట్టొద్దు, ఫొటో కోసం పువ్వుని ముక్కుకి ఆనించొద్దు. పూలమీద పురుగుమందులు బాగానే కొడతారు. జులై, ఆగస్టుల్లో వచ్చేవాళ్లు ధవళేశ్వరం నీటిమట్టం కనుక్కుని రావాలి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. రెండో హెచ్చరిక దాకా వచ్చిందంటే లంకల వైపు ప్రయాణం మానుకోండి.

నర్సరీల విషయానికొస్తే, హైవే మీదవి చూడ్డానికి, లోపలి రోడ్ల మీదవి కొనడానికి. లోపల చాలామంది టోకుగా లారీలకి ఎత్తేవాళ్లు. ఒకటీ అరా అడిగితే విసుక్కోవచ్చు, పదీ ఇరవై అంటే రేటు మారిపోతుంది. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే ఇందుకే లాభం.

ఒక నర్సరీలో మామిడి అంటు కడుతుంటే చాలాసేపు నిలబడిపోయాం. టెంక మొలిచిన మొక్క, పెన్సిలు లావు కాండం. దాని తల నరికి మధ్యలో నిలువుగా ఒకటిన్నర అంగుళం చీల్చారు. మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్ల జానెడు లోపే ఉంది. వారం పది రోజుల ముందే దాని ఆకులు తుంచేసి ఉంచితే మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. పుల్ల అడుగుని రెండు పక్కలా చెక్కి చీలికలో దింపారు. ఇక్కడే నేర్పంతా ఉంది, బెరడు కింది పచ్చటి పొర కనీసం ఒక పక్కనైనా దానికీ దీనికీ కలవాలి. పుల్ల సన్నదైతే నడిమధ్య పెట్టరు, ఓ అంచుకి జరుపుతారు. తర్వాత ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి చుట్టి, మీద సన్నటి కవరు తొడిగారు. అతుకులోకి నీటిచుక్క దిగినా కుళ్లే. అతికితే రెండు మూడు వారాల్లో చిగురేస్తుంది. పుల్లకీ కాండానికీ మధ్య సందు కనపడినా, అతుకు దగ్గర నల్లగా ఉన్నా ఆ మొక్క తీసుకోవద్దు.

మొక్క ఎంచేటప్పుడు అందరూ పైకి చూస్తారు, చూడాల్సింది కింద. మొక్క ఉన్న మట్టి కవరు ఎత్తి అడుగు చూడండి. ఒకేచోట నెలల తరబడి పెట్టిన మొక్కల వేళ్లు కవరు చిల్లుల్లోంచి భూమిలోకి దిగిపోతాయి. పీకి చేతికిచ్చినప్పుడు ఆ వేళ్లు తెగుతాయి. అప్పటికి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఇంటికెళ్లిన నాలుగైదు రోజులకి ఆకంతా రాలుస్తుంది. అడుగున తాజాగా తెగిన వేరు మొనలు కనపడితే అది పక్కన పెట్టి, ఈమధ్యే చోటు మార్చిన వరసలోంచి ఇమ్మనండి. ఆకుల వెనక తెల్లటి పిండినల్లి పురుగు ఉందేమో, చిగుళ్లకి పేనుబంక పురుగు పట్టిందేమో చూడండి. పువ్వులతో నిండిన గులాబీ కన్నా మూడు నాలుగు బలమైన కొమ్మలున్న మొగ్గ మొక్క నయం. జామ, దానిమ్మ, నిమ్మ అయితే గాలి అంటు అడగండి, అంటే చెట్టు మీదున్న కొమ్మకే నాచు ముద్ద కట్టి వేళ్లు పోయించిన మొక్క. మూడు నాలుగు కొత్త వేళ్లు పోసి ఉండాలి, తల్లి చెట్టు నుంచి కోసిన వారానికే అమ్మేవి కుదురుకోవు.

ఇక ఎక్కించడం. దార్లో చచ్చే మొక్కల్లో ఎక్కువ వాటికి మట్టి ముద్ద పగలడమే కారణం. బయల్దేరేముందు నీళ్లు పోస్తే ముద్ద మెత్తబడి విరుగుతుంది, నీళ్లు పోసి గంటో రెండు గంటలో అయ్యాక ఎత్తాలి. కాండం పట్టుకుని ఎత్తొద్దు, అడుగున చెయ్యి పెట్టాలి. డిక్కీలో కవర్లు ఒకదానికొకటి ఒరిగేలా సర్ది, సందుల్లో న్యూస్‌పేపరు ఉండలు కుక్కితే కదలవు. కారు టాప్ మీద పెడితే గాలికి ఆకు చిరిగి ఎండిపోతుంది. తప్పనిసరైతే తడి గోనె కప్పి కట్టాలి.

తిరుగు దారిలో మేం జొన్నాడ దాటి గౌతమి వంతెన మీదుగా రావులపాలెం వెళ్లాం. అక్కడ అరటి మార్కెట్టు చూసుకుని, లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం చేరి పూతరేకులు కట్టించుకుని, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటితే చుట్టు తిరిగి మళ్లీ రాజమహేంద్రవరమే. పూతరేకుల్లో నెయ్యి ఎక్కువ పోసి బెల్లం పెట్టినవే తీసుకోండి, పంచదారవి ఎందుకో మాకు రుచించవు. ఆగిన ప్రతిచోటా బండి నీడలో పెట్టి అద్దాలు కాస్త దించాలి. ఎండలో మూసిన కారు అరగంటలో ఆకుల్ని ఉడికించేస్తుంది.

ఇంటికి తెచ్చాక మొక్కని వెంటనే డాబా ఎండలో పెట్టకండి. అక్కడ గ్రీన్ నెట్ కింద పెరిగిన ఆకు అది. వారం రోజులు నీడలో, ఆ తర్వాత పొద్దుటి ఎండలో ఉంచి నెమ్మదిగా అలవాటు చెయ్యాలి. ఇంట్లో ఉన్న పాత మొక్కలకి దూరంగా రెండు వారాలు ఉంచితే, దాక్కుని వచ్చిన పురుగేదైనా బయటపడుతుంది. కుండీ మార్చేటప్పుడు రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక వంతు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలపండి. నర్సరీ మట్టి ముద్ద గట్టిగా ఉంటే చుట్టూ చేతివేళ్లతో పైపైన గీరాలి. లేకపోతే పోసిన నీళ్లు పక్కన ఉన్న వదులు మట్టిలోంచి జారిపోతాయి, లోపల ముద్ద పొడిగానే ఉండిపోతుంది. మూడు వారాల దాకా ఎరువు వెయ్యొద్దు. అంటు మొక్కైతే అతుకు మట్టికి పైనే ఉండాలి, దాని కింద మొలిచే చిగురు కనపడగానే గిల్లేయాలి. కొత్త కొమ్మ బాగా సాగాక అతుకు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కోసెయ్యడం మర్చిపోకండి, వదిలేస్తే అది కాండంలోకి దిగి కోసేస్తుంది.